రాబందూ సముద్రపు ఆవూ ఉన్న గోడ

నా బిడ్డ పోయింది. దసరా సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన కొద్ది రోజులకే, ఖమ్మం దవాఖానాలో, తెల్లవారాక పోయింది. ఆమె భర్త మందుల చీటీ పట్టుకుని కిందికి దిగాడు. నేను స్టూలు మీద కూర్చుని ఆమె పాదం పట్టుకుని ఉన్నాను. నర్సమ్మ వచ్చి మిషను చూసి, నా భుజం మీద చెయ్యి వేసి "లేవమ్మా" అన్నది. నేను లేవలేదు. లేచి నిలబడితే అది నిజమైపోతుందని అనిపించింది. పాదం ఇంకా వెచ్చగానే ఉంది.

ఆమె పనిచేసిన ఆడపిల్లల బడిలో, టీచర్లూ పిల్లలూ ఆమె గురించి రాసినవన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తున్నారట. పెద్ద మేడం మా ఇంటికి వచ్చి, తల్లిగా మీరు కూడా రాయాలమ్మా అని అడిగారు. నేను అయిదో తరగతి వరకే చదివాను. రాయడం మరిచిపోయి చాలా ఏళ్లయింది. తప్పులుంటే దిద్దండి. మాటలు మాత్రం మార్చకండి, అవి నా బిడ్డవి.

నాకు ఆమె ఒక్కతే. ఆమె నడక నేర్చే రోజుల్లోనే వాళ్ల నాయన పోయాడు. మా ఊరు కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఎండాకాలం మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయి, మిగతా రోజులు పొలం పనులు చేసి ఆమెను చదివించాను. ఆమె సైన్సు టీచరు అయింది. పెళ్లయినా ఊరు దాటలేదు, రెండు వీధుల అవతలే కాపురం. బడికి పోయే ముందు రోజూ నా దగ్గరికి వచ్చేది.

వచ్చి ఏం చేసేదంటే, ఆ రోజు పిల్లలకు చెప్పాల్సిన పాఠం ముందు నాకు చెప్పేది. నేను వాకిలి ఊడుస్తూ ఉన్నా, బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉన్నా, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. మిరపకాయలు ఇంటికి తెచ్చుకున్న రోజుల్లో ఆ ఘాటుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ చెప్పేది. "నీకర్థమైతే మా పిల్లలకు అర్థమైనట్టేనమ్మ. నువ్వే నా మొదటి క్లాసు" అనేది. నాకు అర్థం కాకపోయినా తల ఊపితే పట్టేసేది. "ఉత్తగ ఊపకు. ఏం అర్థమైందో చెప్పు" అనేది. ఆకులు గాలి పీల్చడం, రక్తం తిరగడం, భూమి తిరగడం అన్నీ అట్లా పీట ముందు విన్నాను. చాలా వరకు మరిచిపోయాను. మరిచిపోనిది ఒకటి ఉంది.

పోయిన వానాకాలం ఒక పొద్దున వచ్చి, "అమ్మా, ఇయ్యాల రెండు జీవాల పాఠం. రెండూ భూమ్మీద లేకుండ పోయేటట్టున్నయ్. ఒకటి నీకు తెలుసు, ఒకటి తెల్వదు" అన్నది.

"తెలిసింది ముందు చెప్పు."

"రాబందు."

"పొద్దుపొద్దున దాని పేరెందుకే? ఇంకోటి లేదా?"

"నువ్వు చూసినవా దాన్ని?"

చూడకపోవడం ఏమిటి. మా పుట్టినూరు బోనకల్ దగ్గర. నా చిన్నప్పుడు బర్రె చచ్చిపోతే ఊరి బయట బీడులోకి ఈడ్చి పడేసేవాళ్లు. ఆకాశంలో ఎక్కడో నలుసుల్లా తిరిగేవి. చూస్తుండగానే దిగేవి. మేం అన్నం తిని వచ్చేసరికి బొక్కలు తెల్లగా మిగిలేవి. వాసన ఉండేది కాదు. మేం రాళ్లు వేసి తరిమితే కొంచెం దూరం గెంతి మళ్లీ వచ్చేవి. ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది, చిన్నప్పుడు కథ విన్నట్టు.

"మళ్ల ఎప్పటిసంది కనపడలే నీకు?" అని అడిగింది.

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎప్పుడు ఆఖరుసారి చూశానో తెలియదు. ఆఖరుసారి అని ఎవరికి తెలుస్తుంది. "నువ్వు పుట్టినంక చూసినట్టు లేదు" అన్నాను.

"నేను ఒక్కసారి గూడ చూడలేదమ్మ. ఫోన్లనే చూసిన" అన్నది.

తర్వాత ఫోన్లో రెండోదాన్ని చూపించింది. నీళ్ల అడుగున బూడిద రంగు బస్తాలాగా ఒకటి మెల్లగా పోతూ గడ్డి మేస్తూ ఉంది. దాన్ని సముద్రపు ఆవు అంటారట.

"ఆవంటివి, కొమ్ములేవే?"

"నీళ్లల్ల కొమ్ములెందుకు, ఎవర్ని పొడవాలె?"

"పాలిస్తదా మరి?"

"దూడకిస్తది. చూడు, రెక్క సందున మూతి పెట్టి తాగుతది. మనలెక్కనే ఊపిరి తీసుకుంటది. కొంచెంసేపటికోసారి పైకి రావాలె, లేకుంటే చచ్చిపోతది."

"మన గోదారి పోయి సముద్రంల కలుస్తది గద. అక్కడుంటదా?"

"లేదమ్మ. తమిళోళ్ల సముద్రం దగ్గర కొన్ని ఉన్నయ్, గుజరాత్ దిక్కు కొన్ని, అండమాన్ల కొన్ని. గంతే."

అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పింది. ఒకటి మబ్బుల్లో తిరుగుతుంది, ఒకటి నీళ్ల కింద. ఒకటి చచ్చినదాన్ని తింటుంది, ఒకటి పచ్చ గడ్డి తప్ప ముట్టదు. ఒకదాన్ని చూస్తే మనుషులు మొహం తిప్పుకుంటారు, ఒకదాన్ని చూస్తే ముద్దొస్తుంది అంటారు. ఒకదానికి ఇంకొకటి ఉందన్న సంగతే తెలియదు. అయినా రెండూ ఒకే తీరుగా పోతున్నాయి. రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. సముద్రపు ఆవు కొన్నేళ్లకు ఒక్క దూడను ఈనుతుంది, దాన్ని చాలా కాలం పక్కనే తిప్పుకుంటుంది. ఒక్కటి పోతే మళ్లీ ఆ చోటు నిండదు.

"ఎట్ల పోతున్నయ్?" అని అడిగాను.

ఎద్దుకు కాలు వాచినప్పుడు నొప్పి తగ్గడానికి సూది వేస్తారు కదా. అందులో కొన్ని మందులు పశువుకు మంచివే, రాబందుకు విషం. ఆ పశువు చనిపోతే మందు మాంసంలో ఉండిపోతుంది. అది తిన్న రాబందు మెడ వాల్చుకుని, కూర్చున్న చోటనే చనిపోతుంది. సముద్రపు ఆవు చేపల కోసం వేసిన వలలో చిక్కుకుంటుంది. పైకి రాలేదు. ఊపిరి ఆగిపోతుంది.

ఆ తర్వాత ఆమె అన్న మాట ఇది. నేను దీన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఎవ్వరు గూడ దాన్ని చంపాలనుకోలేదమ్మ. ఎద్దు నొప్పి తగ్గాలనుకున్నరు. ఇంట్ల పిల్లలకు నాలుగు మెతుకులు దొరకాలనుకున్నరు. చెడ్డోడు ఒక్కడు లేడు ఇందుల. అదే బాధ."

"మరి కోపం ఎవరి మీద చెయ్యాలె?"

"కోపం చేసుకుంట కూసుంటే మందు ఎవరు మారుస్తరు, వల ఎవరు తీస్తరు?" అని, టైమైంది అని లేచి, పీట గోడకు ఆనించి పోయింది.

మా అల్లుడి పని పశువులకు సూదులు వేయడమే. చుట్టుపక్కల ఊళ్లు బండి మీద తిరుగుతాడు. నా బిడ్డ అతని సంచి తీసి చూసి, సర్కారు వద్దన్న మందు ఒక్కటి కూడా లేకుండా చేసింది. వేరే మందు పెట్టుకొమ్మన్నది. కొత్త మందు పని చేయదేమోనని రైతులకు అనుమానం. ఒకరోజు మా వాకిట్లోనే ఒకాయన, "నీ పెండ్లాం రాబందులకు చుట్టమా ఏంది?" అన్నాడు. మా అల్లుడు సంచి సర్దుకుంటూ, "అవ్, మా అత్తగారి దిక్కు చుట్టరికం" అన్నాడు. అన్నం తింటున్న నా బిడ్డకు నవ్వి నవ్వి పొరబోయింది. మగ రాబందు కూడా గుడ్డు మీద కూర్చుని పొదుగుతుందని పాఠంలో ఉంది. అది చెప్పి, "పక్షి గూడ వంతు చేస్తది. నువ్వెప్పుడు వండుతవ్?" అని అతన్ని ఆట పట్టించేది. అతను నిజంగానే ఆదివారాలు వండడం మొదలుపెట్టాడు. పప్పులో ఉప్పు ఎక్కువయ్యేది. ఎవరమూ అనేవాళ్లం కాదు.

బడి ప్రహరీ గోడ మీద ఆ రెండు జీవాల బొమ్మలు వేయాలని ఆమె కోరిక. ముందు చెయ్యి కుదరాలి కదా అని మా ఇంటి గోడ అడిగింది. బజారు వైపు గోడ. పైన రాబందు, బండ మీద కూర్చుని పక్కకు చూస్తున్నట్టు. కింద నీలం రంగు వేసి అందులో సముద్రపు ఆవు. ఆదివారాలు వచ్చి కొంచెం కొంచెం వేసింది. జడ ముడి వేసుకుని, పాత చీర కట్టుకుని, రంగు చేతితోనే ముక్కు తుడుచుకునేది. ముక్కు మీద నీలం మచ్చతోనే ఇంటికి పోయేది.

మా పక్కింటి అక్క అది చూసి ఊరుకోలేదు. మా వైపు ఒక నమ్మకం ఉంది. రాబందు ఇంటి మీద వాలితే కీడు, ఆ ఇల్లు వదిలిపెట్టి కొన్నాళ్లు వేరే చోట ఉండాలి అంటారు. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, "సదువుకున్న పిల్లవు. ఇంటి మీద వాలితేనే ఇల్లు ఇడిసి పోతం, నువ్వేమో గోడ మీద తెచ్చి కూసోబెట్టినవ్" అన్నది.

నా బిడ్డ కుంచె దింపకుండానే, "వాలనియ్ పెద్దమ్మ. ఒక్కటన్న నిజంగ వచ్చి వాలితే నేనే దానికి ఇల్లు ఇడిసి ఇస్త" అన్నది.

నవ్వుతూ అన్నది. అందరం నవ్వాం. ఇప్పుడు ఆ మాట రాసి, కలం కింద పెట్టి, మళ్లీ పట్టుకున్నాను.

అన్నీ అయ్యాయి, ఒక్క దూడ మిగిలింది. తల్లి రెక్క కింద దూడను బొగ్గుతో గీసింది. అంతలో బూడిద రంగు అయిపోయింది. "సత్తుపల్లి దిక్కు పోయినప్పుడు ఈయన్ని తెమ్మంట. వచ్చే ఆదివారం ఏస్త" అన్నది. చేతులు కడుక్కుని పోయింది.

ఆ ఆదివారం ఆమెకు జ్వరం. అల్లుడు జ్వరం బిళ్లలు ఇచ్చాడు. చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. "చూసినవా, పశువుల డాక్టరు మనుషులకు గూడ పనికొచ్చిండు" అని ఆమే నవ్వి, బడికి పోయింది. మళ్లీ జ్వరం వచ్చింది, మళ్లీ బిళ్ల, మళ్లీ తగ్గింది. ఇట్లా గడిచింది. అతనే వండి పెట్టాడు, కాళ్లు పట్టాడు, దవాఖానాకు పోదామన్నాడు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దాలి, అయ్యాక పోదాం అన్నది. ఊపిరి అందక కూర్చుండిపోయిన రోజు ఖమ్మం తీసుకుపోయాం. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫోటో చూసి, జ్వరం అణిగింది గానీ లోపల ఊపిరితిత్తుల్లో జబ్బు ఆగలేదు, ఆలస్యమైంది అన్నాడు.

దవాఖానాలో ముక్కుకూ నోటికీ మాస్కు. ఒకసారి దాన్ని కొంచెం పైకెత్తి నన్ను దగ్గరికి రమ్మన్నది. ఏదైనా కావాలంటుందేమోనని వంగాను.

"అమ్మా, సముద్రపు ఆవు గూడ గిట్లనే... పైకొచ్చి తీసుకుంటది" అన్నది.

"మాట్లాడకు బిడ్డా" అని నేనే మాస్కు సరిచేశాను. నాకు ఆమె చెప్పిన ఆఖరు పాఠం అదే. అర్థమైందని తల ఊపాను. ఉత్తగా ఊపలేదు.

దహనం అయిన రోజు అందరి ముందర నేను అల్లుణ్ని ఒక మాట అన్నాను. "పశువులకిచ్చే చేత్తోని నా బిడ్డకిచ్చినవ్" అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత నేను అతనితో మాట్లాడలేదు. రోజూ పొద్దున వచ్చి, నీళ్ల బిందెలు నింపి, కంచె దగ్గర కాసేపు నిలబడి పోయేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. కడుపులో మంట ఎవరో ఒకరి మీద పోస్తే గానీ నిలవలేకపోయాను.

ఊళ్లో వాళ్లకు ఇంకొకటి దొరికింది. గోడ. కర్మ అయ్యాక పక్కింటి అక్క నా పక్కన కూర్చుని మెల్లగా అన్నది. "చెల్లే, ఆ రోజు పిల్ల నోటి నుంచి ఏం మాట వచ్చిందో యాదికుందా? ఇల్లు ఇడిసి ఇస్తనన్నది. ఇడిసింది. ఇగ ఆ పక్షిని గోడ మీద ఉంచుకోకు. సున్నం ఎయ్." ఆమె చెడ్డ మనసుతో అనలేదు. నా బిడ్డను ఎత్తుకుని పెంచిన మనిషి. దవాఖానా నుంచి తెచ్చిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ మాట నాలో దిగబడింది. ఆ గోడ చూస్తే నిజంగానే ఆ పక్షే తీసుకుపోయిందేమో అనిపించేది.

సున్నం నానబెట్టాను. తెల్లారి కుంచె పట్టుకుని గోడ దగ్గరికి పోయాను. అల్లుడు అప్పుడే బిందెలు నింపి కంచె దగ్గర నిలబడ్డాడు. చూశాడు గానీ ఆపలేదు. ఆపే హక్కు తనకు లేదనుకున్నాడేమో. రాబందు రెక్క కొసన ఒక్క గీత లాగాను. తెల్లగా పడింది. రెండో గీతకు చెయ్యి ఎత్తి, దాని కన్ను చూశాను. పక్కకు చూస్తున్న కన్ను. ఆమె ఆ కన్నుకు ఎంతసేపు కూర్చుందో నాకు తెలుసు. "కన్ను కుదిరితే పక్షి కుదిరినట్టేనమ్మ" అన్నది.

ఈ పక్షి ఎవరినీ తీసుకుపోయేది కాదు. దాన్నే అందరం పోగొట్టుకున్నాం. ఎవ్వరు గూడ చంపాలనుకోలేదమ్మ. ఆ గొంతు పీట మీద నుంచి వచ్చినట్టే వినపడింది. కంచె వైపు చూశాను. ఎండకు నల్లబడ్డ మనిషి, చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. జ్వరం తగ్గాలని బిళ్ల ఇచ్చాడు. తగ్గింది. అంతే అతను చేసింది.

అప్పటికే తూర్పున మబ్బు పట్టి ఉంది. తుఫాను అని టీవీలో చెప్పారు. కుంచె పట్టుకుని నేను అట్లాగే నిలబడి ఉండగానే చినుకులు మొదలయ్యాయి. గాలి గోడ వైపే కొడుతున్నది. రంగు వేసినవి తట్టుకుంటాయి. కింద దూడ మాత్రం ఉత్త బొగ్గు. నేను చూస్తుండగానే తోక దగ్గర నల్లటి చార ఒకటి కారింది.

కుంచె పారేసి లోపలికి ఉరికాను. మిరపకాయలు ఆరబోసే ప్లాస్టిక్ పట్టా తెచ్చాను. పెద్ద పట్టా అది, ఒక్కరి వల్ల కాదు. ఒక కొస చూరుకు పట్టుకుంటే రెండో కొస గాలికి లేచి మొహాన కొడుతున్నది. వాన పెరిగింది.

"అయ్యా, ఆ కొస పట్టుకో" అన్నాను.

కంచె దాటి ఎట్లా వచ్చాడో, వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరం చెరో వైపు చేతులు పైకెత్తి నిలబడ్డాం. వాన మా మీద పడుతున్నది, గోడ మీద పడడం లేదు.

"తడిసిపోతున్నవ్ అత్తా, లోపలికి పో. నేను పట్టుకుంట" అన్నాడు.

"నీ ఒక్కనితోని కాదు" అన్నాను.

అప్పుడు ఏడ్చాడు. దహనం రోజు కూడా ఏడవని మనిషి. చేతులు ఖాళీ లేక కళ్లు తుడుచుకోలేదు. నేనూ తుడుచుకోలేదు.

వాన వెలిశాక చూసుకుంటే దూడ తోక పోయింది. మూతి ఉంది. తల్లి రెక్క సందున పెట్టిన మూతి అట్లాగే ఉంది.

బూడిద రంగు అతను ఎప్పుడో కొని పెట్టాడట. జ్వరం రోజుల్లోనే. మొన్న ఆ డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, "నువ్వేస్తవా అత్తా?" అని అడిగాడు. నాకు చేత కాదు. చేతనైనా వేయను. ఆమె వేస్తానన్నది. డబ్బా మూత తీయకుండా లోపల పెట్టాను. బడి గోడ మీద బొమ్మలు పిల్లలు వేసుకుంటున్నారట. వేసుకోనీ, వాళ్లకు ఆమె చెప్పింది.

నాకు ఇప్పుడు ఒక అలవాటు అయింది. ఆకాశంలో పెద్ద పక్షి ఏది తిరిగినా తోక వైపు చూస్తాను. చీలిక తోక అయితే గద్ద అని ఆమె చెప్పింది. చూసినవన్నీ గద్దలే. అయినా తల దించను. వస్తే రానీ, ఈ ఇంటి మీద వాలనీ. ఇల్లు వదిలి పోవలసిన మనిషి ముందే పోయింది.

పట్టాను చూరుకు కట్టి చుట్ట చుట్టి ఉంచాం. మబ్బు పడితే అల్లుడు ఏ ఊళ్లో ఉన్నా బండి తిప్పుకుని వస్తాడు. అతనొక కొస, నేనొక కొస విప్పుతాం. పైన రాబందు రెక్క మీద నా సున్నపు గీత తెల్లగా కనపడుతుంటుంది. మా ఇద్దరి నడుమ, ఆ చీకటి నీడలో, తోక లేని బొగ్గు దూడ తల్లిని అంటుకుని పాలు తాగుతూ ఉంటుంది.